'స్పై కిడ్స్' నాలుగో భాగం చూశాక మా పాప అడిగిన ప్రశ్న

నందిగామ_అక్క:
వేసవి సెలవుల్లో పిల్లలు ఎవరి ఫోన్ వాళ్ళు పట్టుకుని మూలకి చేరుతున్నారని, రోజూ సాయంత్రం అందరం కలిసి ఒక సినిమా చూద్దామని పెట్టుకున్నాం. బాబుకి పదకొండేళ్ళు, పాపకి ఎనిమిది. 2001లో వచ్చిన 'స్పై కిడ్స్' మొదటి భాగంతో మొదలుపెట్టాం, గూఢచారులైన అమ్మానాన్నని కాపాడే పిల్లల కథ, నేను కాలేజీలో ఉండగా చూసిన సినిమా అది. ఇద్దరూ కదలకుండా చూశారు, అన్నం కూడా టీవీ ముందే. రెండోది బాగానే నడిచింది, మూడో దానికి కాస్త గోల చేశారు. నిన్న నాలుగోది, 2011లో వచ్చిన 'ఆల్ ద టైమ్ ఇన్ ద వరల్డ్' పెట్టాను. గంట దాటకముందే బాబు లేచి వెళ్ళి క్రికెట్ బ్యాట్‌కి టేపు చుట్టుకుంటూ కూర్చున్నాడు. పాప మాత్రం చివరిదాకా చూసి, అయిపోయాక నన్ను అడిగింది: "అమ్మా, ఈ పిల్లలకి భయం వెయ్యదా?"

రాత్రంతా ఆ మాటే నా బుర్రలో తిరుగుతోంది. నిజమే కదా, మొదటి సినిమాలో తమ్ముడు జూనీకి అన్నీ భయాలే, చేతులకి చెమటలు పడతాయి, పులిపిర్లు ఉంటాయి, బళ్ళో స్నేహితులు ఉండరు. అక్క కార్మెన్ పైకి గట్టిగా ఉంటుంది కానీ తన గుట్టు తనకుంది. అమ్మానాన్న మాయమయ్యారని తెలిసినప్పుడు ఆ ఇద్దరి మొహాలు చూసి మా పాప నా చెయ్యి పట్టుకుంది. నాలుగో దాంట్లో కవలలు రెబెక్కా, సెసిల్ ఇంటి మీదకి దుండగులు వచ్చి పడుతుంటే జోకులేసుకుంటూ తిరుగుతారు. ఇక మా పిల్లలకి మాత్రం టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ఇళ్ళల్లో ఎవరైనా చూశారా? ఎలా అనిపించింది?

వీకెండ్_సినిమా:
అక్కా, ఇది చిన్నపిల్లల సినిమా. అయిదారేళ్ళ వాళ్ళ కోసం తీశారు, మీరు పదకొండేళ్ళ అబ్బాయికి చూపించారు. మా వాడికి అయిదేళ్ళు, ఆ మాట్లాడే కుక్క కనిపించినప్పుడల్లా పడీ పడీ నవ్వాడు. పిల్లవాడు గంటన్నర నవ్వితే నాకు డబ్బులు వచ్చేసినట్టే. అన్ని సినిమాల్లోనూ భయాలు, కన్నీళ్ళు ఉండాలంటే ఎలా?

ఆస్టిన్_వాసి:
నేను దీన్ని 2011 ఆగస్టులో థియేటర్లో చూశాను, మా పెద్దాడికి అప్పుడు ఏడేళ్ళు. దర్శకుడు రాబర్ట్ రోడ్రిగెజ్ మా ఊరివాడే, ఆయన స్టూడియో ఇక్కడే ఉంది, అందుకని మాకు కాస్త ఎక్కువ అభిమానం. ఏడు వేల డాలర్లతో 'ఎల్ మరియాచి' తీసి పైకి వచ్చిన మనిషి, ఆ డబ్బు కోసం మందుల ప్రయోగాలకి తన ఒంటిని అప్పగించిన మనిషి. అలాంటాయన ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ స్పై కిడ్స్ తీశాడంటే పండగే అనుకుని వెళ్ళాం.

టికెట్‌తో పాటు ఒక అట్ట కార్డు చేతిలో పెట్టారు. దాని మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. తెర మీద ఏ అంకె వెలిగితే ఆ గడి గోటితో గీకి వాసన చూడాలి. దానికి 'అరోమాస్కోప్' అని పేరు, 3డీకి వాసన కలిపి 4డీ అన్నమాట. మా వాడు రెండో అంకె దాకా మహా హుషారుగా గీకాడు. అన్నీ ఒకటే వాసన అండీ. పిల్లలకి పోసే పింక్ దగ్గు మందు సీసా మూత తీస్తే వస్తుందే, అదీ. పలహారం అయినా అదే, ఛీ అనిపించాల్సిన వాసన అయినా అదే. నాలుగో అంకె వచ్చేసరికి మా వాడు కార్డు నా ఒళ్ళో పెట్టేశాడు. ఇంకో చిక్కేమిటంటే, హాల్లో పిల్లలందరూ ఒక్కసారి తలలు దించి చీకట్లో ఆ గడి వెతుక్కుంటుంటే తెర మీద సీను కాస్తా దాటిపోతోంది. కళ్ళజోడు తీస్తే గానీ అంకె కనపడదు, తీస్తే తెర మసక. సినిమా చూడ్డానికి వచ్చిన పిల్లాణ్ణి సినిమా వాళ్ళే తెర మీద నుంచి తల తిప్పించేశారు. నాకు ఆ రోజు కోపం కన్నా బాధ ఎక్కువ వేసింది.

నందిగామ_అక్క:
@వీకెండ్_సినిమా, మీ బాబు నవ్వాడంటే సంతోషమే తమ్ముడూ. కానీ మా పాపకి ఎనిమిదే, మొదటి దానికి తనూ నవ్వింది, భయపడింది కూడా.

కట్టింగ్_రూమ్:
నేను ఎడిటింగ్ పనిలో ఉన్నాను, ఎక్కువగా సీరియల్స్, అప్పుడప్పుడు సినిమాలు. ఈ విషయం మీద చాలా రోజులుగా మాట్లాడాలని ఉంది, పొడుగైతే క్షమించండి.

మొదటి భాగం బలం ఎక్కడుందంటే ఒక్క సీను చాలు. అమ్మానాన్నని ఎత్తుకుపోయారు, పిల్లలిద్దరూ ఒక రహస్య ఇంటికి చేరారు, తలుపు తెరుచుకోవాలంటే కార్మెన్ తన పూర్తి పేరు చెప్పాలి. ఆ పేరు చాంతాడంత ఉంటుంది. ఆ పిల్లకి అంత పేరు చెప్పుకోవడం ఎంత నామోషీయో మొహంలో కనిపిస్తుంది, అయినా చెప్పాలి, చెప్తుంది, తలుపు తెరుచుకుంటుంది. ఇందులో గ్రాఫిక్స్ ఏమన్నా ఉందా? ఒక తలుపు, ఒక పేరు. ఆ పేరు పెట్టిన అమ్మానాన్న ఎంత ముందే ఆలోచించి పెట్టారో ప్రేక్షకుడికి అప్పుడు తెలుస్తుంది. లోపలికి వెళ్ళాక చిన్న పొట్లం మెషీన్లో పెడితే వేడివేడి బర్గర్ వస్తుంది, దాన్ని చూసిన ప్రతి పిల్లవాడూ అలాంటిది మనింట్లో ఉంటే బాగుండు అనుకున్నాడు.

నాలుగో దాంట్లో పరికరాలకి కొదవ లేదు, ఇంకా ఎక్కువే ఉన్నాయి. కానీ ఏ పరికరానికీ ఆ పిల్లల మనసుతో ముడి లేదు. నొక్కితే పని చేస్తాయి, అంతే.

రెండో సంగతి తీసిన తీరు. మొదటిది చాలావరకు నిజమైన చోట్ల, కట్టిన సెట్లలో తీశారు, ఆస్టిన్‌లోనూ చిలీలోనూ. విలన్ కోటలో తిరిగే ఆ బొటనవేళ్ళ రోబోలు, చేతులు కాళ్ళు తల అన్నీ బొటనవేళ్ళే, చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, నవ్వూ వస్తుంది. రెండో భాగం నుంచి దర్శకుడు డిజిటల్ కెమెరాకి మారాడు, మూడోది దాదాపు అంతా గ్రీన్ మ్యాట్ ముందు, అంటే తర్వాత గ్రాఫిక్స్ నింపుకునే పచ్చ తెర ముందు. గ్రీన్ మ్యాట్ తప్పని నేను అనను, మా పొట్టలు నింపేది అదే. కానీ ఎదురుగా ఏమీ లేనప్పుడు పిల్ల నటులు ఎటు చూడాలో తెలియక ఎటో చూస్తారు. ఎంత గొప్ప దర్శకుడైనా ఆ చూపుని ఎడిటింగ్‌లో దిద్దలేడు. నాలుగో దాంట్లో ఆ ఖాళీ చూపు చాలా చోట్ల దొరుకుతుంది, రిమోట్ పట్టుకుని ఒక్కసారి ఆపి చూడండి.

నైట్‌డ్యూటీ:
మొదటి భాగాన్ని అమెరికా జాతీయ గ్రంథాలయం వాళ్ళు 2024లో భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చారు. ఊరికే చేర్చరు కదా.

గోదారబ్బాయి:
ఆస్టిన్ అన్నయ్య చెప్పిన కళ్ళజోడు సంగతి వింటే నాకు మూడో భాగం గుర్తొచ్చింది. 2003లో వచ్చింది, ఎర్ర నీలం అద్దాల జోడు పెట్టుకుని చూడాలి. జూనీ ఒక వీడియో గేమ్ లోపలికి వెళ్తాడు, అక్కని విడిపించడానికి. స్టాలోన్ విలన్. రంగులన్నీ వెలిసిపోయినట్టుంటాయి, కథ కూడా ఒక లెవెల్ తర్వాత ఇంకో లెవెల్. కానీ నేను దాన్ని పూర్తిగా తీసిపారెయ్యను. తాతయ్య పాత్ర ఉంది చూశారా, చక్రాల కుర్చీలో ఉంటాడు, తన కాళ్ళు పోవడానికి కారణమైన మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని చివర్లో క్షమిస్తాడు. రికార్డో మోంటల్బాన్ అనే పెద్ద నటుడు, ఆయన నిజంగానే నడవలేని స్థితిలో ఉండి చేశారు. ఆ సీను చూస్తుంటే మా తాతయ్య గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

3డీ అంటే మా నాన్నగారు ఇప్పటికీ 'చిన్నారి చేతన' గురించే చెప్తారు. 1984లో మలయాళంలో తీసిన సినిమాకి తెలుగు. మన దేశంలో మొదటి 3డీ సినిమా. అందులో కూడా పిల్లలే, ఒక బుల్లి దెయ్యంతో స్నేహం. నాన్నగారు ఐస్‌క్రీమ్ ముక్కు దాకా వచ్చిందని చెయ్యి చాపి చూపిస్తారు, కానీ ఆయన ఎక్కువ చెప్పేది ఆ దెయ్యం పిల్లాడు వెళ్ళిపోతుంటే హాల్లో పిల్లలు ఏడ్చారని.

శ్రవణం:
ఇక్కడ నేను కాస్త వేరే మాట చెప్పాలి.

మా అబ్బాయికి పుట్టుకతో వినికిడి తక్కువ. రెండు చెవులకీ మెషీన్లు. నాలుగో భాగంలో సెసిల్‌కి కూడా అంతే. వాడు తెర మీదకి రాగానే మా వాడు సోఫాలోంచి లేచి టీవీ దగ్గరకి వెళ్ళి, ఆ పిల్లాడి చెవి దగ్గర వేలు పెట్టి నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. తన చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తెలుగులోనో హిందీలోనో ఇంగ్లీషులోనో, ఒక సాహసాల సినిమాలో హీరోగా ఉన్న పిల్లాడికి చెవి మెషీన్ ఉండటం వాడు చూడటం అదే మొదటిసారి. సెసిల్‌ని ఎవరూ జాలిగా చూడరు, వాడే తన చెవుల మీద జోకులేస్తాడు, ఫైట్లు చేస్తాడు.

సినిమా బాగాలేదని నాకూ తెలుసు. రెండోసారి నేను కూర్చోలేకపోయాను. మా వాడు మాత్రం ఇప్పటికి ఏడుసార్లు చూశాడు. బడిలో మెషీన్ కనపడకుండా జుట్టు పెంచుకుంటానని పేచీ పెట్టేవాడు, ఆ వేసవి తర్వాత మంగలి దగ్గర కూర్చుని పొట్టిగా కొట్టమన్నాడు. అందుకని దీన్ని చెత్త అని ఎవరైనా అంటే నాకు కాస్త గుచ్చుకుంటుంది.

నందిగామ_అక్క:
అక్కా, మీ పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. సెసిల్ చెవి మెషీన్ నేను గమనించాను గానీ ఇలా ఆలోచించలేదు. మీ బాబుకి మా పిల్లల తరఫున ముద్దులు.

కట్టింగ్_రూమ్:
శ్రవణం గారూ, మీ మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. నా బాధ కూడా అక్కడే ఉంది. అంత మంచి పాత్ర చేతిలో పెట్టుకుని, వాడికి ఒక్కటంటే ఒక్క నెమ్మదైన సీను ఇవ్వలేదు. మెషీన్ తీసేస్తే వాడికి ప్రపంచం ఎలా ఉంటుందో, ఆ నిశ్శబ్దంలో వాడికి ఏం తోస్తుందో ఒక్క నిమిషం చూపించి ఉంటే థియేటర్లో ఉన్న ప్రతి పిల్లవాడూ మీ అబ్బాయి పక్కన వచ్చి కూర్చునేవాడు.

ఓరుగల్లు_పోరి:
నాకైతే సవతి తల్లి ముచ్చట సరిగ్గ రాయలేదని కోపం. జెస్సికా ఆల్బా చేసిన మరిస్సా, పాత గూఢచారి, పిల్లలకు సొంత తల్లి కాదు. రెబెక్కా ఆమెను ఒప్పుకోదు, మీద ఏదో ఒకటి పోసుడు, ఆట పట్టిచ్చుడు. ఆమె ప్రేమతోని ఒక ఎర్రరాయి గొలుసు ఇస్తది. ఆ రాయి కోసమే విలన్లు ఇంటి మీద పడుతరు. ఎంత మంచి కథ ఉండె దీంట్లె! మా పెద్దమ్మ కూతురు రెండో పెండ్లి చేసుకున్నంక ఆ ఇంట్ల పిల్ల రెండేండ్లు ఆమెను పిన్ని అని కూడ పిల్వలె. ఒక జ్వరం రాత్రి నిద్రలో పిలిచింది. అగో, అట్ల ఒక్క రాత్రి ఉండాలె సినిమాలో. ఇక్కడ నాలుగు పరుగులు, రెండు పేలుళ్ళు అయినంక పిల్ల మనసు మారిపోయింది అంటే నమ్మబుద్ధి కాలె.

ఆస్టిన్_వాసి:
ఈ నాలుగోదాని ఆలోచన ఎలా పుట్టిందో రోడ్రిగెజే ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆయన తీసిన 'మచెటె' సినిమా షూటింగ్‌లో జెస్సికా ఆల్బా పాపని తెచ్చుకుందట, వేషం వేసుకుని ఉండగానే పాపకి డైపర్ మార్చాల్సి వచ్చింది, బట్టలకి అంటకుండా తిప్పలు పడుతుంటే చూసి, గూఢచారికి చంటిపిల్ల ఉంటే ఎలా ఉంటుందో అనుకున్నారట. సినిమా మొదలయ్యేది కూడా అలానే, నిండు గర్భిణి, నొప్పులు వస్తూనే విలన్ని తరుముతుంది. నాకు ఆ మొదటి పది నిమిషాలు నచ్చాయి. ఆ తర్వాత చంటిపిల్ల కాస్తా డైపర్ జోకులకే మిగిలిపోయింది.

ఆయన పదిమంది సంతానంలో ఒకడు. మొదట్లో తీసిన పొట్టి సినిమా కూడా అక్కాతమ్ముళ్ళ గొడవ మీదే. అందుకే మొదటి భాగంలో కార్మెన్, జూనీ పోట్లాట అంత నిజంగా ఉంటుంది. తండ్రి పాత్రకి గ్రెగోరియో అని పేరు పెట్టింది ఎఫ్‌బీఐలో పనిచేసిన తన బాబాయి పేరు మీద. ఇల్లు, పేర్లు, మాటలు అన్నీ ఆయన సొంత మనుషులవి. హాలీవుడ్‌లో ఒక స్పానిష్ పేర్ల కుటుంబం హీరోలుగా ఉండటం అప్పటికి పెద్ద విషయం. నాలుగో దాంట్లో ఆ కవలల విల్సన్ కుటుంబం ఏ ఊరిదో, ఏం తింటారో, ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో ఏమీ తెలియదు. ఏ ఊరివాళ్ళైనా కావచ్చు.

వీకెండ్_సినిమా:
సరే, మీరందరూ చెప్పాక నిన్న మా వాడితో మళ్ళీ చూశాను. ఒప్పుకుంటాను, సెకండాఫ్ ల్యాగ్ ఉంది. సమయం మీద మాటల విరుపులు మరీ ఎక్కువ, ప్రతి రెండో డైలాగు గడియారం గురించే.

కానీ విలన్ కథ గురించి ఎవరూ మాట్లాడలేదు, అది నాకు చాలా నచ్చింది. చిన్నప్పుడు తండ్రి ప్రయోగశాలలో కాలంలో చిక్కుకుపోయిన పిల్లాడు వాడు. తండ్రితో గడపాల్సిన రోజులు పోయాయి, అందుకే కాలాన్ని వెనక్కి తిప్పాలని చూస్తాడు. చివర్లో వెనక్కి వెళ్తాడు, మన కళ్ళ ముందు క్షణంలో తిరిగి వచ్చేస్తాడు, కానీ ముసలివాడై వస్తాడు. ఎన్నిసార్లు వెళ్ళినా తండ్రితో గడిపింది అంతేనని. అటు పిల్లల తండ్రి కూడా టీవీ షో అంటూ ఇంట్లో ఉండడు, గూఢచారుల్ని వెతికే షో చేస్తూ ఇంట్లో ఉన్న గూఢచారిని కనుక్కోలేకపోయిన మనిషి. నేను రాత్రి తొమ్మిదికి ఇంటికి వచ్చేవాణ్ణి, మా వాడు నిద్రపోయి ఉంటాడు. ఆ ముసలి విలన్ మొహం చూసి టీవీ ఆపేసి కాసేపు వాడి పక్కన పడుకున్నాను.

కట్టింగ్_రూమ్:
అన్నా, మీరు చెప్పింది నిజం. ఆ ముక్క బాగుంది. అయితే అది రెండు నిమిషాల్లో నోటితో చెప్పించేశారు. తండ్రి కోసం ఎదురు చూసే పిల్లాణ్ణి మొదట్లో ఒక్కసారి చూపించి, అటు వాకిట్లో కూర్చున్న సెసిల్‌ని చూపించి ఉంటే? రెండు షాట్లు. అంతకన్నా ఏమీ అక్కర్లేదు. డబ్బు లేక కాదు, 2.7 కోట్ల డాలర్లు పెట్టారు, మొదటి దానికి 3.5 కోట్లు. వసూళ్ళు మాత్రం మొదటిది 14 కోట్లు దాటితే ఇది 8 కోట్ల పైచిలుకు దగ్గర ఆగింది. మూడోది 19 కోట్ల దాకా వెళ్ళింది, కాబట్టి లెక్క చూసి మంచి చెడు చెప్పలేం, అది వేరే సంగతి.

నైట్‌డ్యూటీ:
2023లో నెట్‌ఫ్లిక్స్‌లో అయిదోది వచ్చింది, 'ఆర్మగెడన్'. కొత్త కుటుంబం, టోనీ, ప్యాటీ అనే పిల్లలు. నాన్న వద్దన్నా టోనీ దొంగతనంగా ఒక గేమ్ దింపుకుంటాడు, దానితో పాటు ఇంటి నెట్‌వర్క్‌లోకి విలన్ వచ్చేస్తాడు. ఈ మొదలు భలే ఉంది, మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది, మా తమ్ముడు ఏదో గేమ్ దింపితే అమ్మ ఫోన్ వారం రోజులు పని చెయ్యలేదు. వాడి మొహం మీద తప్పు చేసిన భయం ఉంటుంది కదా, అదే టోనీ మొహంలో కాస్తయినా ఉంటే బాగుండేది. నిజం చెప్పాలి, అబద్ధం ఆడకూడదు అని ప్యాటీ చెప్తూనే ఉంటుంది. పిల్లలకి చెప్పడం కన్నా జరిగింది చూపిస్తే చాలు. నాలుగో దానికన్నా మాత్రం నయమే.

బడిపంతులు:
శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరి బడిలో పనిచేస్తున్నాను. నెలకో శనివారం పిల్లలకి ప్రొజెక్టర్ మీద సినిమా వేస్తాం. పోయిన నెల గుణ్ణం గంగరాజు గారి 'లిటిల్ సోల్జర్స్' వేశాను, 1996 నాటిది. ఇప్పటి పిల్లలు చూస్తారా అని నాకే అనుమానం. సన్నీ, బన్నీ కష్టంలో పడిన చోట ఆరో తరగతి పిల్లలు కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. కరెంటు పోయింది మధ్యలో, ఎవరూ ఇంటికి వెళ్ళలేదు, ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చుని తర్వాత ఏమవుతుందో వాళ్ళలో వాళ్ళు పందేలు వేసుకున్నారు.

నందిగామ_అక్క గారూ, మీ పాప అడిగిన ప్రశ్న నేను మా పిల్లల్ని అడిగాను. సినిమాలో పిల్లలకి భయం ఉండాలా వద్దా అని. ఏడో తరగతి అమ్మాయి ఒకతె చెప్పింది, "ఉండాలి సార్, లేకపోతే వాళ్ళు మాలాగ ఎందుకుంటారు?" అని.

నందిగామ_అక్క:
మాస్టారూ, ఆ అమ్మాయి మాట మా పాపకి చెప్పాను. "చూశావా, నేను చెప్పలా" అంది.

నిన్న సాయంత్రం అయిదోది పెట్టబోతే ఇద్దరూ వద్దన్నారు, మళ్ళీ మొదటిదే కావాలన్నారు. పెట్టాను. బొటనవేళ్ళ రోబోలు వచ్చినప్పుడు పాప మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది, ఏం జరుగుతుందో తెలిసి కూడా. ఈ పొద్దున్న లేచేసరికి పిల్లల గది తలుపు మూసేసి ఉంది. తడితే లోపల్నుంచి పాప గొంతు: పూర్తి పేరు చెప్తే గానీ తియ్యదట. ఇంటి పేరు, నా పేరు, పెళ్ళికి ముందు ఇంటి పేరు, అమ్మమ్మ పెట్టిన పేరు, ముద్దు పేరు అన్నీ వరసగా చెప్పాల్సి వచ్చింది. మా బాబు లోపల్నుంచి "ఒకటి మర్చిపోయావ్" అంటున్నాడు. ఏది మర్చిపోయానో ఇంకా చెప్పలేదు, ఇడ్లీలు చల్లారిపోతున్నాయి.